ఇల్లు ఖాళీ చేసేవేళ శుభ్రపరచు ఖర్చు: అద్దెదారు బాధ్యత ఎంత? యజమాని బాధ్యత ఎంత?

వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచేలోగా, ఆషాఢం ప్రవేశించక మునుపే కొత్త ఇంట పాలు పొంగించుకోవాలన్న తలంపుతో ఏటా మే, జూన్ మాసాలలో పట్టణాలలోని అనేక కుటుంబాలు అద్దె ఇళ్ళు మారుతుంటాయి. సామాను లారీ గుమ్మం ముందు నిలిచిన తరువాత అడ్వాన్సు లెక్క మొదలవుతుంది. రంగులకు ఇంత, కడిగించుటకు ఇంత, కుళాయిలకు ఇంత అని యజమాని కోత చెప్పుట, ఈ మరకలు మేము వచ్చిననాటికే ఉన్నవని అద్దెదారు వాదించుట, చివరకు బండి కదలవలసిన తొందరలో ఇచ్చినంత పుచ్చుకొని వెళ్ళిపోవుట సర్వసాధారణమైన విషయం. ఈ తగవులో ఎవరి బాధ్యత ఎంతవరకు అన్నది చట్టం కొంత స్పష్టంగానే చెప్పియున్నది. అయితే ఆ సంగతి ఇరుపక్షాలలో అధికులకు తెలియదు.

ఉదాహరణకు నెలకు రూ.15,000 అద్దెతో, రెండు నెలల అడ్వాన్సుగా రూ.30,000 చెల్లించి ఒక కుటుంబం మూడేళ్ళు ఒక ఇంట నివసించినదనుకొందాము. ఖాళీ చేయునాడు రంగులకు ఒక నెల అద్దె రూ.15,000, శుభ్రపరచుటకు రూ.4,000, చిల్లర మరమ్మతులకు రూ.1,500 మినహాయించి రూ.9,500 చేతిలో పెట్టిన యెడల, కొత్త ఇంటి అడ్వాన్సుకు ఆ కుటుంబం అప్పు చేయవలసిందే. నెల జీతముపై ఆధారపడిన వారికి ఇది చిన్న మొత్తం కాదు. మరోవైపు, పింఛనుతోపాటు ఆ ఒక్క వాటా అద్దెపైనే జీవించు వృద్ధ దంపతులకు, జిడ్డుపట్టిన వంటగదిని, పగిలిన సింకును, మేడ మీద వదిలివేసిన పాత పరుపులను అప్పగించి వెళ్ళిన అద్దెదారు మిగిల్చిన ఖర్చు కూడా చిన్నది కాదు.

చట్టం ఏమి చెప్పుచున్నది

ఈ విషయమున మూలాధారం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. ఇందలి 108వ సెక్షను యజమాని, అద్దెదారుల పరస్పర హక్కులను, బాధ్యతలను వివరించుచున్నది. ఆ సెక్షనులోని ‘ఎం’ ఖండం ప్రకారం, అద్దెదారు తాను స్వాధీనం పొందిననాడు ఆస్తి ఏ స్థితిలో ఉన్నదో అదే మంచి స్థితిలో దానిని కాపాడి తిరిగి అప్పగించవలెను. అయితే సహేతుకమైన వాడుక వలన కలిగిన అరుగుదల, నివారింపనలవిగాని శక్తుల వలన కలిగిన మార్పు ఇందుకు మినహాయింపులు. తగవులన్నింటికీ తాళపుచెవి ఈ ‘వాడుక వలన కలిగిన అరుగుదల’ అన్న మాటలోనే ఉన్నది.

మూడేళ్ళకు డిస్టెంపరు వెలిసిపోవుట, మంచము తలవైపు గోడ కొద్దిగా నల్లబడుట, పటములకు కొట్టిన రెండు మూడు మేకుల గుర్తులు, తలుపు రంగు చేయి తగిలిన చోట మాసిపోవుట వాడుక వలన కలిగిన అరుగుదల క్రిందకే వచ్చును. ఇల్లు అద్దెకు ఇచ్చుట అనగా ఈ అరుగుదలకు కూడా కలిపి అద్దె పుచ్చుకొనుటయే. పొయ్యి వెనుక పలకలపై నెలల తరబడి తుడవక గట్టిపడిన నూనె జిడ్డు, పిల్లలు గోడ నిండా గీసిన రంగు పెన్సిలు గీతలు, పగిలిన కిటికీ అద్దం, ఖాళీ చేసి వెళుతూ వదలిన చెత్త ఇందుకు భిన్నమైనవి. వీటి ఖర్చు అద్దెదారుదే.

నడుమ ఎటూ తేలని కొన్ని సంగతులు మన ఇళ్ళలో ఉన్నవి. గడపలకు పసుపు రాయుట, పూజగదిలో దీపపు మసి, కుంకుమ మరకలు అట్టివి. గడపకు పసుపు పూసినందుకు డబ్బు మినహాయించు యజమాని అరుదు గానీ, తెల్లని ఎమల్షన్ రంగు వేసిన గోడమీద గజమెత్తున పేరుకున్న మసిని వాడుక అని సమర్థించుట కష్టము. ఉప్పునీటి బోర్లు గల కాలనీలలో కుళాయిలమీద, స్నానాలగది పలకలమీద పేరుకొను తెల్లని గార మరొకటి. ఆ గార నీటి గుణము వలన వచ్చినది. ఎంత శుభ్రముగా ఉండువారి ఇంటనైనను వచ్చును. దానిని పూర్తిగా అద్దెదారు నెత్తిన వేయుట న్యాయం కాదు. దానిని వదల్చుటకు ఘాటైన యాసిడ్ పోసి మొజాయిక్ గచ్చును పాడుచేసిన యెడల, ఆ నష్టం మాత్రం పోసినవారిదే. బయటి గోడనుండి గాని, పై అంతస్తు గొట్టములనుండి గాని దిగిన చెమ్మ వలన గోడ బూజుపట్టిన యెడల అది యజమాని సరిచేయవలసిన లోపము. కానీ చెమ్మ కనిపించిన వెంటనే యజమానికి తెలియజేయక మిన్నకుండుట అద్దెదారుకు మేలు చేయదు. 

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించవలెను. ఇందుకు భిన్నమైన ఒప్పందము గాని, స్థానిక ఆచారము గాని లేనప్పుడే 108వ సెక్షనులోని నియమాలు వర్తించునని ఆ సెక్షను ఆరంభంలోనే ఉన్నది. ఒప్పందంలో ‘ఖాళీ చేయునప్పుడు రంగుల నిమిత్తం ఒక నెల అద్దె మినహాయించబడును’ అని వ్రాసి సంతకం చేసిన వారికి, వాడుక వలన రంగు వెలిసినదన్న వాదన అంత బలంగా నిలువదు. ఏమీ వ్రాయని చోట కూడా ‘ఈ ఊరిలో ఇదే ఆచారము’ అని యజమాని అనవచ్చును. హైదరాబాదులోను, అధిక సంఖ్యలో తెలుగువారు నివసించు బెంగుళూరులోను ఒక నెల అద్దెను రంగులకు పట్టుకొనుట చాలాకాలముగా ఉన్న అలవాటు. ఎక్కువమంది పాటించినంత మాత్రాన అలవాటు చట్టము గుర్తించు ఆచారము కాజాలదు. దానిని ఉన్నదన్నవారు రుజువు చేయవలెను. అయినను ఒప్పందము వ్రాయునాడే ఈ మాట తేల్చుకొనుట అన్నివిధాలా శ్రేయస్కరము.

వ్రాసిన మొత్తమంతా పట్టుకోవచ్చునా?

ఒప్పందంలో ఒక మొత్తము వ్రాసియున్నంత మాత్రాన యజమాని దానిని కళ్ళు మూసుకొని మినహాయించుకొనుటకు వీలు లేదు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 74వ సెక్షను ప్రకారం, ఒప్పందము ఉల్లంఘించినవారు చెల్లించవలసినదిగా ఒక మొత్తము పేర్కొనబడినప్పుడు, ఎదుటి పక్షమువారు ఆ మొత్తమునకు మించకుండా సహేతుకమైన పరిహారము మాత్రమే పొందగలరు. అనగా వ్రాసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. ముందుగా చెల్లించిన ధరావతును జప్తు చేయు సందర్భములకు కూడా ఈ సూత్రము వర్తించునని సుప్రీంకోర్టు 1963లో ఫతేచంద్ కేసులో తీర్పు చెప్పినది. నష్టమేమీ జరగనప్పుడు పరిహారము కోరరాదని 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో మరల విశదపరచినది. ఈ రెండును స్థలముల అమ్మకానికి సంబంధించిన వ్యాజ్యములే గానీ, వాటిలోని సూత్రము ఇంటి అడ్వాన్సుకు కూడా అన్వయించుకొనదగినదే.

కనుక ‘శుభ్రపరచనిచో రూ.4,000’ అని వ్రాసియున్నను, అద్దెదారు ఇల్లు ఊడ్చి, కడిగి, అద్దము వలె అప్పగించిన యెడల ఆ షరతు క్రింద పైసా మినహాయించుటకు ఆధారము లేదు. శుభ్రపరచక వదలిన యెడల నిజముగా అయిన కూలి, సామగ్రి ఖర్చు రసీదులతో చూపి అంతవరకు మినహాయించుకొనవచ్చును.

పైన చెప్పిన కుటుంబం లెక్కను ఈ వెలుగులో మరల చూతము. వంటగది జిడ్డు వదల్చుటకు, వదలివెళ్ళిన పాత పరుపులు తరలించుటకు అయిన ఖర్చు రసీదు ప్రకారము రూ.2,500 అనుకొందాము. పగిలిన కిటికీ అద్దమునకు రూ.600. పిల్లలు గీతలు గీసిన ఒక గదికి రంగు వేయుటకు రూ.6,000 అగుననుకొనిన, ఆ మొత్తమంతయు అద్దెదారుపై వేయుట సరికాదు. ఏలయన ఆ రంగు వేసి అప్పటికే మూడేళ్ళు గడిచినవి. రంగు ఆయుర్దాయము నాలుగేళ్ళుగా తీసుకొనిన యెడల మిగిలినది నాలుగవ వంతు మాత్రమే, అనగా రూ.1,500. ఈ నాలుగేళ్ళ లెక్క చట్టంలో వ్రాసినది కాదు, ఇరువురు కూర్చుని ఒప్పుకొనుటకు వీలైన ఒక పద్ధతి. అన్నీ కలిపి రూ.4,600 పోగా తిరిగి ఈయవలసినది రూ.25,400. రూ.9,500కు, దీనికి నడుమ వ్యత్యాసము ఒక నెల అద్దెకు మించినది.

అద్దె నియంత్రణ చట్టము పరిధి

భవనాల కౌలు, అద్దె, ఖాళీ చేయించుట నియంత్రణ చట్టము 1960లో అమలులోకి వచ్చి తెలంగాణలో కొనసాగుచున్నది. న్యాయమైన అద్దె నిర్ణయింపబడని భవనమునకు యజమాని ఒక నెల అద్దెకు మించి అడ్వాన్సు పుచ్చుకొనరాదని, మించినదానిని తిరిగి ఇవ్వవలెనని లేక అద్దెలో సర్దుబాటు చేయవలెనని ఇందలి 7వ సెక్షను చెప్పుచున్నది. నెల్లూరు ప్రాంతపు గూడూరులోని ఒక హోటలు భవనమునకు సంబంధించిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 1989లో ఈ సెక్షనును అద్దెదారునకు అనుకూలముగా అన్వయించినది. యజమాని వద్ద అదనపు అడ్వాన్సు నిలువ ఉండగా అద్దె బకాయి పడినాడని అద్దెదారును ఖాళీ చేయించుట తగదని నిర్ణయించినది.

అయితే ఈ రక్షణ నేడు కొద్దిమందికే అందుచున్నది. 2005లో జరిగిన సవరణతో, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు రూ.3,500, ఇతర ప్రాంతములలో రూ.2,000కు మించిన అద్దె గల భవనములు ఈ చట్టము పరిధినుండి తొలగింపబడినవి. నేటి నగరములో ఒక గదికే అంతకు మించి అద్దె పలుకుచున్నందున, అధికశాతము ఒప్పందములకు ఆస్తి బదిలీ చట్టము, ఒప్పందాల చట్టములే దిక్కు. తగవు వచ్చినచో అద్దె నియంత్రణాధికారి వద్దకు గాక సివిలు న్యాయస్థానమునకు వెళ్ళవలసి యుండును. ఆంధ్రప్రదేశ్‌లో నివాస, నివాసేతర భవనముల అద్దె వ్యవహారములకు 2017లో వేరొక చట్టము చేయబడినందున, అచ్చటి పాఠకులు దానిని చూడవలెను.

కేంద్ర మంత్రివర్గము 2021 జూన్ 2న నమూనా అద్దె చట్టమును ఆమోదించినది. భూమి, భవనముల అద్దె రాష్ట్రముల అధికార పరిధిలోని అంశము కాబట్టి, రాష్ట్రము తనదిగా చేసుకొనిననాడే అది అమలులోకి వచ్చును. అయినను ప్రస్తుత చర్చకు అది మంచి కొలబద్ద. నివాస గృహమునకు రెండు నెలల అద్దెకు మించి ధరావతు తీసుకొనరాదని, స్వాధీనము పుచ్చుకొను నాడే న్యాయమైన మినహాయింపులు పోను మిగిలినది తిరిగి ఇవ్వవలెనని అందులో ఉన్నది. ఎవరు ఏ పని చేయించవలెనో తెలుపు పట్టిక ఒకటి దానికి అనుబంధముగా ఉన్నది. గోడలకు వెల్ల వేయించుట, తలుపులకు, కిటికీలకు రంగు వేయించుట, గొట్టములు మార్చుట, విద్యుత్ తీగల పని యజమాని వంతు. కుళాయిలు, వాటి వాషర్లు మార్చుట, మురుగు తూము శుభ్రపరచుట, మరుగుదొడ్డి, వాష్ బేసిన్, గీజరు మరమ్మతులు, స్విచ్చులు, తాళములు, దోమతెరలు, పగిలిన అద్దములు అద్దెదారు వంతు. మన ఊళ్ళలో ఒక నెల అద్దె కోతకు ముఖ్య కారణముగా చెప్పబడు వెల్ల, రంగులు ఈ పట్టికలో యజమాని వైపు ఉండుట గమనింపదగినది. ఒప్పందము వ్రాసుకొనువారు ఈ పట్టికను యథాతథముగా తమ పత్రమునకు జతపరచుకొనుటకు ఏ అడ్డంకియు లేదు.

మురుగు తూము అన్నప్పుడు మరొక మాట చెప్పక తప్పదు. ఇల్లు ఖాళీ చేయువేళ సెప్టిక్ ట్యాంకు ఎత్తించు ఖర్చు ఎవరిదన్నది ఒప్పందమును బట్టి ఉండును. కానీ ఎవరు డబ్బు చెల్లించినను, రక్షణ సాధనములు లేకుండా మనిషిని ఆ గుంటలో దింపుట 2013 నాటి చట్టము ప్రకారము నేరము. మొదటిసారి ఉల్లంఘనకు రెండేళ్ళ వరకు జైలు గాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. యంత్రముతో కూడిన ట్యాంకరును పిలిపించవలెను. నాలుగు వందలు మిగులునని మనిషిని దింపు పనికి యజమానిగాని, అద్దెదారు గాని అంగీకరింపరాదు.

చేరునాటి జాగ్రత్తలు

వెళ్ళునాటి తగవును తప్పించునది చేరునాటి కాగితము. ఇంట దిగునాడు గదులవారీగా గోడల స్థితి, పలకల పగుళ్ళు, కుళాయిలు, ఫ్యాన్లు, బల్బుల సంఖ్య, ఇప్పటికే ఉన్న మరకలు వ్రాసి ఇరువురును సంతకము చేయవలెను. రంగు చివరిసారి ఏ సంవత్సరము వేసినదీ అందులో వ్రాయుట మరువరాదు. పైన చెప్పిన వాటా లెక్క అంతయు దానిపైనే ఆధారపడును. సామాను దింపక ముందే సెల్‌ఫోనులో ఫొటోలు తీసి యజమానికి పంపిన యెడల తేదీ దానంతట అదే నమోదగును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము, ఇట్టి ఫొటోలను న్యాయస్థానములో చూపునప్పుడు ధ్రువీకరణ పత్రము జతచేయవలెను కనుక అసలు ఫోనును, అసలు ఫైలును భద్రపరచుకొనవలెను.

పదకొండు నెలల ఒప్పందమే ఎక్కువగా వాడుకలో ఉన్నది. ఏడాదికి మించిన కౌలు పత్రమును తప్పనిసరిగా రిజిస్టరు చేయించవలసి యుండుటయే ఇందుకు కారణము. పత్రము చిన్నదైనను, శుభ్రత అనగా ఏమిటో నాలుగు పంక్తులు వ్రాయుట మంచిది. ఊడ్చి కడుగుటయా, వృత్తి పనివారితో లోతుగా శుభ్రపరచుటయా? అపార్టుమెంటు సంఘములు సామాను దించునప్పుడు, ఎత్తునప్పుడు వసూలు చేయు రుసుము ఎవరిది? పావురముల రెట్టతో నిండిన బాల్కనీ, గొట్టముల సందు ఎవరు కడిగించవలెను? వినుటకు చిల్లర సంగతులే గానీ, తగవులు వీటిమీదనే వచ్చుచున్నవి.

ఖాళీ చేయుటకు వారము ముందుగా యజమానిని పిలిచి ఇల్లు చూపించుట అద్దెదారుకు లాభము. ఏవి సరిచేయవలెనో అప్పుడే తెలిసిన యెడల, యజమాని పిలుచు మనిషి కూలి కంటె తక్కువ ఖర్చుతో తానే చేయించుకొనవచ్చును. అడ్వాన్సు ఎలాగూ తిరిగి రాదన్న అనుమానముతో చివరి రెండు నెలల అద్దె చెల్లించక మానుట అనేకులు అనుసరించు మార్గము. ఒప్పందములో అందుకు వీలు కల్పింపనిచో అది అద్దె బకాయియే అగును. పైగా ఇంటికి నిజముగా నష్టము కలిగినచో యజమాని చేతిలో ఏమియు మిగలదు. యజమాని అనుమానించి రెండు నెలలకు బదులు మూడు నెలల అడ్వాన్సు అడుగుటకు ఇట్టి అనుభవములే కారణము.

విదేశములలోని విద్యార్థులకు

ఉన్నత విద్యకై అమెరికా, బ్రిటను వెళ్ళు తెలుగు విద్యార్థులు నలుగురైదుగురు కలిసి ఇల్లు అద్దెకు తీసుకొని, చదువు ముగియగానే తొందరలో ఖాళీ చేసి వెళుతుంటారు. అచ్చటి నియమములు మనకంటె కచ్చితమైనవి. ఇంగ్లండులో 2019 జూన్ 1 నుండి అమలైన చట్టము ప్రకారము వెళ్ళునప్పటి శుభ్రతకు రుసుము విధించుట నిషిద్ధము; ఇల్లు చేరునాటి శుభ్రతకు తీసిపోయినచో మాత్రమే ఆ తేడాను ధరావతునుండి కోరవచ్చును. ధరావతును 30 రోజులలోగా ప్రభుత్వ ఆమోదము గల రక్షణ పథకములో ఉంచవలెను. తగవును ఆ పథకము ద్వారానే రుసుము లేకుండా పరిష్కరించుకొనవచ్చును. కాలిఫోర్నియాలో ఖాళీ చేసిన 21 రోజులలోగా పద్దులవారీ లెక్కతో మిగిలిన సొమ్ము పంపవలెను. చేరునాటి శుభ్రతకు మించి శుభ్రపరచుటకు మినహాయించరాదు. టెక్సాసులో గడువు 30 రోజులు. అయితే అద్దెదారు తన కొత్త చిరునామాను వ్రాతపూర్వకముగా ఇచ్చిన తరువాతనే యజమానికి తిరిగి చెల్లించు బాధ్యత ఏర్పడును. స్వదేశమునకు తిరిగివచ్చు తొందరలో ఈ ఒక్క చీటీ ఇవ్వక డబ్బు పోగొట్టుకొనుట కలదు.

సొమ్ము తిరిగి రానప్పుడు

మినహాయింపు అన్యాయమని తోచినప్పుడు, ముందుగా పద్దులవారీ లెక్క, రసీదులు కోరుచు యజమానికి స్పీడు పోస్టులో లేఖ వ్రాయవలెను. ఇది సివిలు తగాదా కాబట్టి పోలీసు స్టేషనుకు వెళ్ళుట వలన ఉపయోగము ఉండదు. అట్లే సామానును ఆపివేసి, తాళము వేసి, శుభ్రత సొమ్ము వసూలు చేయుటకు యజమానికి కూడా అధికారము లేదు. సొమ్ము రాబట్టుకొనుటకు దావా వేయు గడువు సాధారణముగా మూడేళ్ళు.

పదివేల రూపాయల కొరకు సివిలు దావా వేయుట ఖర్చుతో, కాలయాపనతో కూడిన పని. అందుచేత జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దావాకు ముందే దరఖాస్తు చేసుకొని, లోక్ అదాలత్ ద్వారా రాజీకి ప్రయత్నించుట మేలు. ఇందుకు కోర్టు రుసుము లేదు. అక్కడ కుదిరిన రాజీ అవార్డు సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు ఉండదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టము ప్రకారము మహిళలు, షెడ్యూల్డు కులములు, తెగలవారు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు ఆదాయముతో నిమిత్తము లేకుండా ఉచిత న్యాయ సహాయమునకు అర్హులు. 15100 నంబరుకు ఉచితముగా ఫోను చేసి వివరములు పొందవచ్చును. దరఖాస్తుతో అద్దె ఒప్పందము, అడ్వాన్సు చెల్లించిన రసీదు లేక బ్యాంకు వివరము, చేరునాటి, వెళ్ళునాటి ఫొటోలు, తాళపుచెవులు అప్పగించినట్లు యజమాని సంతకము చేసిన చీటీ జతపరచవలెను. ఆ చీటీలో చివరి విద్యుత్ మీటరు రీడింగును కూడా వ్రాయించుకొనవలెను.